నంబరు ఎవరి పేరున ఉంది? చిన్న వ్యాపారానికి ఫోను ఏర్పాటు, సలహాదారు ఎంపిక

ఆదోని మార్కెట్ యార్డుకు అక్టోబరులో పత్తి రావడం మొదలైందంటే కమీషన్ మండీలలో ఫోను కింద పెట్టే తీరిక ఉండదు. రైతు ఆ రోజు ధర అడుగుతాడు, జిన్నింగ్ మిల్లు నుంచి సరుకులో తేమ ఎంత ఉందని అడుగుతారు, లారీ డ్రైవరు గోడౌనుకు దారి అడుగుతాడు, రాయచూరు నుంచో బళ్లారి నుంచో ఒక కొనుగోలుదారు కన్నడంలో బేరం మొదలుపెడతాడు. ఎండాకాలం వచ్చేసరికి అదే ఫోను పూటకు రెండు మూడు సార్లు మోగితే ఎక్కువ. కర్నూలు ఉల్లి వ్యాపారానికి, పత్తికొండ టమోటా వ్యాపారానికి కూడా ఇలాగే రద్దీ నెలలూ ఖాళీ నెలలూ ఉంటాయి. పన్నెండు నెలలూ ఒకే తీరున నడిచే నగర కార్యాలయం కోసం రూపొందించిన ఫోను ప్యాకేజీని ఇలాంటి వ్యాపారి తీసుకుంటే, సగం ఏడాది వాడని వసతికి డబ్బు కడుతూ, మిగతా సగం ఏడాది ఆ వసతి చాలక ఇబ్బంది పడవలసి వస్తుంది.

వ్యాపారానికి ఫోను, ఇంటర్నెట్, సందేశాల ఏర్పాటు చౌకగా పడిందా, ఖరీదుగా పడిందా అన్నది కొటేషనులోని మొత్తాన్ని బట్టి తేలదు. నంబరు ఎవరి పేరున ఉంది, పాస్‌వర్డులు ఎవరి చేతిలో ఉన్నాయి, రేపు వద్దనుకుంటే వదిలించుకోవడానికి ఎంత ఖర్చవుతుంది అన్న మూడు ప్రశ్నల జవాబులే దానిని తేలుస్తాయి. ఆ జవాబులు ముందుగా చెప్పగలిగినవాడే సలహాదారు. చెప్పకుండా ధర మాత్రమే చెప్పేవాడు అమ్మకందారు. ఇద్దరి అవసరమూ వ్యాపారికి ఉంటుంది, కానీ ఒకరిని మరొకరుగా పొరబడితే నష్టం వ్యాపారిదే.

ఎవరినైనా పిలిచే ముందు దుకాణంలోనే చేయవలసిన పని ఒకటి ఉంది. చిట్టా రాసే అలవాటున్న వ్యాపారికి అది కొత్తేమీ కాదు. రెండు వారాల పాటు, వీలైతే రద్దీ కాలంలో, వచ్చిన ప్రతి కాల్‌ను ఒక పుస్తకంలో గీత పెట్టి లెక్కించాలి. ఏ గంటలో వచ్చింది, ఎవరు మాట్లాడారు, ఏ భాషలో మాట్లాడారు, దేని కోసం చేశారు, ఎత్తకుండా పోయినవి ఎన్ని, పోయినవాటిలో తిరిగి చేసినవి ఎన్ని అన్న వివరాలు చాలు. ఈ పుస్తకం చేతిలో ఉంటే చాలా బేరాలు మొదలుకాకముందే తేలిపోతాయి. ఒకే సమయంలో మూడు కాల్స్‌కు మించి ఎప్పుడూ రాని దుకాణానికి ఎనిమిది లైన్లు అక్కర్లేదని ఆ గీతలే చెబుతాయి. అలాగే పోయిన కాల్స్‌లో ఎక్కువ భాగం మధ్యాహ్నం ఒంటిగంటకు, రెండు గంటలకు మధ్య వచ్చినవైతే, లోపం ఫోనులో లేదు, భోజనానికి అందరూ ఒకేసారి వెళ్లడంలో ఉంది. దానికి యంత్రం కొనవలసిన పని లేదు.

పాత సలహాలు కొన్ని ఇప్పటికీ చలామణిలో ఉన్నాయి కాబట్టి ఖర్చుల తీరు ఎలా మారిందో తెలుసుకోవడం అవసరం. ఒకప్పుడు వ్యాపారి ఫోను బిల్లులో ఎస్టీడీ నిమిషాలదే పెద్ద వాటా, కాబట్టి కాల్ ఖర్చు తగ్గించే పరికరాలకు గిరాకీ ఉండేది. 2016 సెప్టెంబరులో జియో సేవలు మొదలయ్యాక దేశంలో ఎక్కడికైనా మాట్లాడటం నెలవారీ ప్యాకులోనే కలిసిపోయింది. ఒక కంపెనీ నెట్‌వర్క్ నుంచి మరో కంపెనీ నెట్‌వర్క్‌కు వెళ్లే కాల్ మీద కంపెనీలు పరస్పరం చెల్లించుకునే నిమిషపు రుసుము కూడా 2021 జనవరి 1 నుంచి సున్నా అయింది. దేశంలోని కాల్స్ ఖర్చు తగ్గిస్తానని చెప్పి ఈనాడు ఎవరైనా పరికరం అమ్మితే, పోయిన జబ్బుకు మందు అమ్ముతున్నట్టే. ఇంటర్నెట్ కాల్స్‌ను లైసెన్సు లేకుండా మామూలు ఫోను నెట్‌వర్క్‌లోకి మళ్లించే పెట్టెలయితే నేరుగా చట్టవిరుద్ధం. అలాంటిది దుకాణంలో దొరికితే పోలీసులు ముందుగా ప్రశ్నించేది దుకాణదారునే.

ముగ్గురు, నలుగురు పనిచేసే దుకాణానికి సరిపడే ఏర్పాటు చాలా చిన్నది. వ్యాపారం పేరున తీసుకున్న రెండు పోస్ట్‌పెయిడ్ సిమ్‌లు, ఒకదానిలో మాట్లాడుతూ ఉంటే రెండోదానికి మళ్లే కాల్ ఫార్వర్డింగ్, ఉచితంగా దొరికే వాట్సాప్ బిజినెస్ యాప్ ఉంటే ఎక్కువ మందికి చాలు. ఆ యాప్‌ను ఒక ఫోనుతో పాటు మరో నాలుగు పరికరాలలో తెరవవచ్చు కాబట్టి యజమాని, గుమస్తా, గోడౌను మనిషి ఒకే నంబరు మీద జవాబివ్వగలరు. దానికి పరిమితులూ ఉన్నాయి: ఒకే సందేశాన్ని చాలామందికి పంపే ఒక బ్రాడ్‌కాస్ట్ జాబితాలో 256 మందికి మించి చేరరు, పైగా మన నంబరును తమ ఫోనులో దాచుకున్నవారికే ఆ సందేశం అందుతుంది. ఆ పరిమితులు దాటి వేల మందికి పంపాలంటే డబ్బు కట్టి, సాఫ్ట్‌వేరు ద్వారా సందేశాలు పంపే ఏపీఐ పద్ధతికి వెళ్లాలి. అందులో 2025 జూలై నుంచి కంపెనీ తానుగా పంపే సందేశాలకు ఒక్కోదానికింత అని రుసుము పడుతుంది. ఖాతాదారు ముందుగా రాస్తే, ఆ తర్వాత ఇరవై నాలుగు గంటల్లో ఇచ్చే మామూలు జవాబులకు రుసుము లేదు. ఈ తేడా చెప్పకుండా నెలకింత అని గంపగుత్తగా అమ్మేవారి దగ్గర, ఏ రకం సందేశానికి ఎంత పడుతుందో విడదీసి రాయించుకోవాలి.

పది మంది దాటిన సంస్థకు, అంటే ఒక ఆసుపత్రికో, జిన్నింగ్ మిల్లుకో, నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్‌కో, అసలైన ఎంపిక ఎదురవుతుంది. లోపలి ఫోన్లన్నింటినీ కలిపే ఈపీఏబీఎక్స్ పెట్టెను ఆఫీసులోనే కొని పెట్టుకోవాలా, ఇంటర్నెట్ మీద నడిచే క్లౌడ్ సేవకు మనిషికింత చొప్పున నెలనెలా కట్టాలా? లెక్క తేలిక కోసం కొన్ని ఊహా ధరలు తీసుకుందాం. పెట్టె, తీగలు, ఫోన్లు కలిపి 60,000 రూపాయలు, ఏఎంసీ, అంటే నిర్వహణ ఒప్పందం ఖర్చు, ఏడాదికి 6,000 రూపాయలు అనుకుంటే మూడేళ్లకు 78,000 అవుతుంది. క్లౌడ్ సేవ మనిషికి నెలకు 400 చొప్పున ఫోను వాడే ఎనిమిది మందికి 3,200 అనుకుంటే మూడేళ్లకు 1,15,200 అవుతుంది. ఇంతవరకే చూస్తే పెట్టె చౌక. కానీ పత్తి సీజను ఆరు నెలలకే ఎనిమిది మంది కావాలి, మిగతా ఆరు నెలలకు ఇద్దరు చాలు అంటే క్లౌడ్ ఖర్చు ఏడాదికి 19,200, 4,800 కలిపి 24,000కు, మూడేళ్లకు 72,000కు దిగుతుంది. అంటే మనుషుల సంఖ్యను నెలనెలా తగ్గించుకోనిచ్చే ఒప్పందమైతే క్లౌడ్ చౌక, ఏడాదికి ముందే కట్టమనే ఒప్పందమైతే పెట్టె చౌక. ఒప్పందంలోని ఒక్క వాక్యం లెక్కను తలకిందులు చేస్తుంది. ఈ సేవల మీద పడే 18 శాతం జీఎస్టీని మామూలు పద్ధతిలో పన్ను కట్టే వ్యాపారి తాను కట్టవలసిన పన్నులో తగ్గించుకునే ఇన్‌పుట్ క్రెడిట్‌గా రాబట్టుకోగలడు, అమ్మకాల మీద చిన్న శాతం మాత్రమే కట్టే కాంపొజిషన్ పథకంలో ఉన్నవాడు రాబట్టుకోలేడు. కాబట్టి ఒకే కొటేషను ఇద్దరికీ ఒకే ఖర్చు కాదు. పాత పెట్టెను తిరిగి అమ్ముదామంటే కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి అన్న సామెత అక్షరాలా వర్తిస్తుంది, కనుక దాని మారు విలువను లెక్కలో వేసుకోకపోవడమే మేలు.

క్లౌడ్ ఫోను ఇంటర్నెట్ మీద నడుస్తుంది కాబట్టి ఎక్కువ వేగం ఉన్న ప్లాను కావాలని చెప్పడం పరిపాటి. నిజానికి మంచి నాణ్యతతో సాగే ఒక కాల్‌కు రెండు వైపులా సెకనుకు దాదాపు 90 కిలోబిట్ల చొప్పున చాలు, పది కాల్స్ ఒకేసారి సాగినా ఒక మెగాబిట్ దాటదు. మాటకు కావలసింది వేగం కన్నా నిలకడ. ఒకవైపు నుంచి మాట రెండోవైపు చేరడానికి 150 మిల్లీసెకన్లకు మించకూడదని అంతర్జాతీయ టెలికాం సంఘం ప్రమాణం చెబుతోంది. అది బాగా మించితే ఇద్దరూ ఒకేసారి మాట్లాడటం, మళ్లీ ఆగడం మొదలవుతుంది. అందుకే ప్లాను ఎంపిక కన్నా ముందు, రద్దీ వేళల్లో వారం రోజులు ఆ లైను మీదే మాట్లాడి చూడటం అవసరం.

ఇక్కడ కరెంటు సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. పాత రాగి తీగ ల్యాండ్‌లైనుకు ఎక్స్ఛేంజి నుంచే 48 వోల్టుల విద్యుత్తు అందేది, అందుకే ఊరంతా చీకటైనా ఆ ఫోను మోగేది. ఫైబరు గాజు తీగ. అది వెలుగును మోస్తుంది గాని విద్యుత్తును మోయదు. ఇంట్లో కరెంటు పోతే ఫైబరు మోడెమ్ ఆగిపోతుంది, దాంతో పాటే దాని మీద ఉన్న ల్యాండ్‌లైనూ ఆగిపోతుంది. మోడెముకు, రౌటరుకు పట్టే విద్యుత్తు చాలా తక్కువ కనుక వాటికి మాత్రమే ఒక చిన్న యూపీఎస్ పెట్టుకుంటే సరిపోతుంది. ఈ చిన్న వస్తువును కొటేషనులో చేర్చారా లేదా అన్నది చూసి, సలహా ఇచ్చిన మనిషి ఎప్పుడైనా సీమ ఎండాకాలంలో పనిచేశాడా లేదా అని కూడా అంచనా వేయవచ్చు. రెండో లైను విషయంలోనూ ఇలాంటి అనుభవమే కావాలి. రాష్ట్ర ఫైబర్‌నెట్ మొదలుకొని చాలా కంపెనీల తీగలు కరెంటు స్తంభాల మీదుగానే వస్తాయి. రెండు కంపెనీల కనెక్షన్లు తీసుకున్నా రెండు తీగలూ ఒకే స్తంభం మీదుగా వస్తుంటే, గాలివానకు ఆ స్తంభం ఒరిగిన రోజు రెండూ తెగుతాయి. కాబట్టి రెండోది తీగ లేకుండా మొబైల్ టవరు నుంచి వచ్చేదై ఉండాలి. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు పాతబస్తీని ముంచెత్తిన సంగతి తెలిసిన ఊరిలో పరికరాల పెట్టెను కింది అంతస్తులో, నేలకు ఆనించి పెట్టించే మనిషిని వారించడం కూడా యజమాని బాధ్యతే.

తెలుగు కోసం ఒకటి, హిందీ కోసం రెండు నొక్కమనే ఐవీఆర్ విషయంలో వ్యాపారులు అనవసరంగా మోజు పడుతుంటారు. పొలం గట్టు మీద నిలబడి కీప్యాడ్ ఫోనుతో కాల్ చేసే రైతుకు నాలుగంచెల మెనూ అంటే తలుపు మూసినట్టే. ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతంలో తెలుగు, కన్నడం, ఉర్దూ మాట్లాడే ఖాతాదారులు ఒకే దుకాణానికి వస్తారు. వారికి యంత్రపు గొంతు కన్నా ఆ భాషలు వచ్చిన మనిషికి నేరుగా కాల్ చేర్చే ఏర్పాటే పనికొస్తుంది. ఐవీఆర్ తప్పదనుకుంటే ఒకే అంచె, మూడుకు మించని ఎంపికలు, మొదటి మాట తెలుగులో ఉండాలి.

మూకుమ్మడి ఎస్ఎంఎస్‌లు, ప్రచార కాల్స్ అమ్మేవారి దగ్గర మరింత జాగ్రత్త అవసరం. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018లో తెచ్చిన నిబంధనల ప్రకారం వ్యాపార సందేశం పంపే సంస్థ టెలికాం కంపెనీలు నడిపే డీఎల్‌టీ అనే వేదిక మీద నమోదు కావాలి, పంపేవారి పేరుగా కనిపించే హెడరునూ, సందేశపు నమూనానూ ముందుగా ఆమోదింపజేసుకోవాలి. ప్రచార కాల్స్ 140తో మొదలయ్యే నంబర్ల నుంచే చేయాలి. నమోదు కాకుండా మామూలు పది అంకెల నంబర్ల నుంచి ప్రచార కాల్స్ చేసేవారి కనెక్షన్లన్నీ తీసేసి, రెండేళ్ల వరకు నిషేధిత జాబితాలో పెట్టమని ట్రాయ్ 2024 ఆగస్టులో కంపెనీలను ఆదేశించింది. కాబట్టి రిజిస్ట్రేషన్ ఏదీ అక్కర్లేదు, పని అంతా తానే చూసుకుంటానని చెప్పే మనిషి తన తల కాదు, వ్యాపారి నంబరును పణంగా పెడుతున్నాడు. ఇరవై ఏళ్లుగా బిల్లు పుస్తకాల మీద అచ్చవుతున్న నంబరు అలా పోతే తిరిగి రాదు.

ఆ నంబరు సంగతే అన్నింటికన్నా ముఖ్యం. మొబైల్ నంబరును కంపెనీ మార్చినా అలాగే ఉంచుకునే పోర్టబిలిటీ 2011 జనవరి 20 నుంచి దేశమంతటా ఉంది. అలా మారడానికి 1900కు ఎస్ఎంఎస్ పంపితే వచ్చే కోడు నాలుగు రోజులు చెల్లుతుంది. ల్యాండ్‌లైనుకు ఆ వెసులుబాటు లేదు. 08518తోనో, 08512తోనో మొదలయ్యే పాత నంబరును వదిలేస్తే అది పోయినట్టే, కాబట్టి కొత్త ఏర్పాటు కుదురుకునే దాకా దానిని తక్కువ ప్లానులో ఉంచి కొత్త నంబరుకు ఫార్వర్డ్ చేయడం తెలివైన పని. గుమస్తా సొంత పేరున ఉన్న సిమ్ మీద దుకాణం వ్యవహారం నడిపించడం ఇంకా ప్రమాదం. అతను మానేసిన రోజున నంబరూ, దానిలోని ఖాతాదారులూ అతని వెంటే వెళతారు. యజమాని తన పేరునే అందరికీ సిమ్‌లు తీసుకుందామంటే ఒక వ్యక్తి పేరున తొమ్మిదికి మించి కనెక్షన్లు ఉండకూడదన్న పరిమితి ఉంది, కాబట్టి వ్యాపారం పేరునే తీసుకోవాలి. తన పేరున ఎన్ని కనెక్షన్లు ఉన్నాయో కేంద్ర టెలికాం శాఖ నడిపే సంచార్ సాథీ పోర్టల్‌లో ఎవరైనా ఉచితంగా చూసుకోవచ్చు. వెబ్‌సైట్ పేరు కూడా ఇలాంటిదే. సైటు తయారుచేసినవాడు డొమైన్‌ను తన పేరున, తన ఈమెయిలుతో కొంటే, రేపు మాట పట్టింపు వచ్చిన రోజున దుకాణం పేరు అతని దగ్గర బందీ అవుతుంది. రౌటరు, ఈపీఏబీఎక్స్, క్లౌడ్ ఖాతా, వాట్సాప్ ఏపీఐ ఖాతా, అన్నింటి ప్రధాన పాస్‌వర్డులూ ఒక కాగితం మీద రాసి బీరువాలో ఉండాలి.

ఇక సలహాదారు. ఈ రంగంలో సలహా చెప్పేవారిలో ఎక్కువ మంది ఏదో ఒక కంపెనీ నుంచి కమీషన్ తీసుకునే చానెల్ పార్ట్‌నర్లు. కమీషన్ తీసుకోవడం తప్పు కాదు. మండీ వ్యాపారమంతా దాని మీదే నడుస్తోంది. మండీలో కమీషన్ ఎంతో ఇద్దరికీ తెలిసి ఉంటుంది కాబట్టి అక్కడ తప్పు లేదు, ఇక్కడ తెలియకుండా ఉంచితేనే తప్పు. కాబట్టి అడగవలసిన మొదటి ప్రశ్న సూటిగా ఉండాలి: ఈ ఎంపిక మీకు ఎవరు డబ్బిస్తే చెబుతున్నారు, నేను వేరేది తీసుకుంటే మీకు ఎంత తగ్గుతుంది? జవాబు తడబడితే ఆ మనిషి చెడ్డవాడని కాదు, కానీ అతని మాటను అమ్మకందారు మాటగానే తూచాలి. వీలున్నచోట కమీషన్‌తో సంబంధం లేని మనిషికి ఒకసారికి ఇంత అని రుసుము ఇచ్చి సలహా రాయించుకోవడం, ఆ తర్వాత కొనుగోలు వేరొకరి దగ్గర చేయడం ఖర్చుగా కనిపించినా చాలాసార్లు ఆదానే.

నమ్మదగినవాడిని గుర్తించే రెండో గుర్తు, అతను ముందుగా ఏమి అడుగుతాడన్నది. కాల్స్ పుస్తకం చూపించమని అడిగి, దుకాణంలో ఒక పూట కూర్చుని, ఎవరు ఏ ఫోను ఎత్తుతున్నారో చూసి, ఆ తర్వాత ధర చెప్పేవాడు వేరు. బ్రోచరు తెరిచి మొదలుపెట్టేవాడు వేరు. ఏదో ఒకటి మీకు అక్కర్లేదని తనంత తానుగా చెప్పిన మనిషి మాటకు విలువ ఎక్కువ. మూడోది, పాత ఖాతాదారుల పేర్లు. అందరూ తమకు ఇష్టమైన ఇద్దరి పేర్లు ఇస్తారు. రెండేళ్లకు పైగా వాడుతున్న ఒకరినీ, మధ్యలో మానేసిన ఒకరినీ అడగాలి. మానేసిన ఖాతాదారుకు నంబర్లూ, పాస్‌వర్డులూ గొడవ లేకుండా అప్పగించాడా అన్నది అతని నిజాయితీకి అసలైన పరీక్ష. నాలుగోది దూరం. హైదరాబాదు నుంచి కర్నూలుకు రెండు వందల కిలోమీటర్లకు పైగా ఉంది, కర్నూలు నుంచి ఆదోనికి మరో వంద దాకా. పాడైన రోజున మనిషి ఎక్కడి నుంచి వస్తాడు, అతను రాలేకపోతే ఎవరు వస్తారు అన్నది పేరుతో సహా రాయించుకోవాలి. ఈ విషయంలో ఊళ్లోని చిన్న టెక్నీషియన్, పెద్ద కంపెనీ కన్నా చాలాసార్లు మేలు, అతనికి అవసరమైన కాగితాలు ఉంటే.

చార్టర్డ్ అకౌంటెంట్, కంప్యూటరు బాగుచేసే అబ్బాయి, బంధువుల్లో ఇంజనీరింగ్ చదివినవాడు కూడా సలహాలు ఇస్తుంటారు. వారి ఉద్దేశం మంచిదే. వారిని కొటేషను చదివించడానికి వాడుకోవాలి, కొనుగోలు నిర్ణయానికి కాదు.

ఒప్పందం దగ్గర శాతాలను గంటల్లోకి మార్చి చూడటం మంచి అలవాటు. 99 శాతం పనిచేస్తుందన్న హామీ ఘనంగా వినిపిస్తుంది. ముప్పై రోజుల నెలకు 720 గంటలు అంటే, నెలలో ఏడు గంటలకు పైగా ఆగినా కంపెనీ మాట తప్పనట్టే. 99.9 శాతం అంటే దాదాపు 43 నిమిషాలు. హామీ తప్పితే బిల్లులో ఎంత తగ్గిస్తారో రాసి లేకపోతే ఆ అంకెకు అర్థం లేదు. చెల్లింపులో కొంత భాగాన్ని, ఏర్పాటు నెల రోజులు సాఫీగా నడిచాక ఇస్తామని ముందే చెప్పాలి. మధ్యలో మానుకుంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలి, కాల్ రికార్డులు, ఖాతాదారుల జాబితా ఏ రూపంలో తిరిగి ఇస్తారు, తమ దగ్గరి ప్రతిని చెరిపేస్తారా అన్నవి కూడా ఒప్పందంలో ఉండాలి; వ్యక్తుల సమాచారాన్ని కాపాడే చట్టం 2023లో వచ్చాక ఖాతాదారుల వివరాలు వ్యాపారికి ఆస్తి మాత్రమే కాదు, బాధ్యత కూడా.

టెలికాం కంపెనీతో వివాదం వస్తే ముందుగా కంపెనీ ఫిర్యాదు కేంద్రంలో డాకెట్ నంబరు, అంటే ఫిర్యాదు నంబరు, తీసుకోవాలి, అక్కడ న్యాయం జరగకపోతే కంపెనీలోని అప్పీలు అధికారికి రాయాలి. ట్రాయ్ వ్యక్తిగత ఫిర్యాదులను నేరుగా విచారించదు. టెలికాం సేవల మీద వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చని సుప్రీంకోర్టు 2022 ఫిబ్రవరిలో స్పష్టం చేసింది. అయితే వాణిజ్య అవసరానికి తీసుకున్న సేవకు వినియోగదారుల చట్టం మామూలుగా వర్తించదు. సొంత కష్టం మీద బతుకుతెరువు కోసం నడిపే వ్యాపారానికి మాత్రమే అందులో మినహాయింపు ఉంది. చిన్న దుకాణదారుకు ఆ తలుపు తెరిచే ఉంటుంది, పెద్ద మిల్లుకు ఒప్పంద పత్రమే ఆధారం.

కొత్త ఏర్పాటును సీజను నెత్తి మీదకు వచ్చాక మొదలుపెట్టకూడదు. పత్తి వ్యాపారికి మే, జూన్ నెలలు అనువైనవి: అప్పుడు లైను వేయించి, ఇద్దరితో నడిపించి, కరెంటు పోయినప్పుడు ఏమవుతుందో చూసి, సెప్టెంబరులో మిగతా మనుషులను చేర్చి, పాత నంబరు ఫార్వర్డింగును సంక్రాంతి దాకా అలాగే ఉంచితే, మొదటి బండి యార్డులోకి వచ్చే రోజుకు ఫోను మోగడమే కాదు, ఎత్తే మనిషీ సిద్ధంగా ఉంటాడు.